సెల్లార్‌లో బోర్డు పెట్టింది మేమే

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా, మా వైపు నలుగురు పెద్దవాళ్లు కలిస్తే మాట ఎక్కడ మొదలైనా పిల్లల ఫోన్ల దగ్గరికే వచ్చి ఆగుతుంది. సరూర్‌నగర్ రైతుబజార్‌లో బెండకాయలు ఏరుకుంటూ అదే, చెరువు పక్క పార్కులో వాకింగ్ చేస్తూ అదే, చైతన్యపురి స్టేషన్‌లో మెట్రో కోసం నిలబడీ అదే. "మావాడికి ఫోన్ లేకపోతే ముద్ద దిగదండీ." "మా అమ్మాయిని పదిసార్లు పిలిస్తే ఒక్కసారి పలుకుతుంది." చెప్పేవాళ్ల చేతిలో ఫోన్ వెలుగుతూనే ఉంటుంది. వినేవాళ్ల చూపు మధ్యమధ్య తమ ఫోన్ మీదికి జారుతూనే ఉంటుంది.

ఈ గోడు వెళ్లబోసుకునే హక్కు మాకు లేదు. మాకు అంటే, విజయవాడ హైవే పట్టుకుని నల్గొండ నుంచో, సూర్యాపేట నుంచో, ఖమ్మం నుంచో, అటు కృష్ణా గుంటూరుల నుంచో వచ్చి, ఎల్బీనగర్‌లో బస్సు దిగి, ఈ చుట్టుపక్కల కాలనీల్లోనే ఫ్లాట్లు కొనుక్కుని పాతుకుపోయినవాళ్లకు. ఉద్యోగులం, టీచర్లం, షాపులవాళ్లం, రిటైరైనవాళ్లం. పిల్లలు చెడిపోతున్నారని అందరం అంటాం. ఫోన్ వాళ్ల చేతికి పోవడం వల్ల సుఖపడ్డది మేమేనని మాత్రం ఒక్కరమూ అనం.

ముద్ద దిగని పిల్లల సంగతే చూడండి. డైనింగ్ టేబుల్ మీద స్టీలు గ్లాసులో నీళ్లు పోస్తారు, తాగడానికి కాదు, ఫోన్ ఆనించడానికి. నీళ్లుంటే గ్లాసు బరువుగా ఉండి ఫోన్ జారదు. ఏడాదిన్నర పిల్ల కళ్లు ఆర్పకుండా చూస్తుంటుంది. నాయనమ్మ పప్పన్నం వేలితో నోట్లో తోస్తుంది. ఏం తింటోందో, కడుపు నిండిందో లేదో పిల్లకు తెలియదు. మధ్యలో యాడ్ వస్తే మాత్రం నోరు మూసేస్తుంది, చెయ్యి చాపి సరిగ్గా ఆ మూల నొక్కుతుంది. ఇంకా మాటలు రాని పిల్లకు యాడ్ ఎక్కడ నొక్కితే పోతుందో తెలుసు. మేం అది చుట్టాలకు చూపించి మురిసిపోయాం. ఆ మురిపెం కూడా వీడియో తీసి స్టేటస్ పెట్టుకున్నాం.

రెండేళ్లు నిండని పిల్లలకు స్క్రీన్ అసలు వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్లవాళ్లకు రోజుకు గంట దాటొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. పిల్లల డాక్టర్లూ చెబుతూనే ఉన్నారు. ఆ డాక్టర్ పిలిచేదాకా బయట బెంచీ మీద పిల్లాడు ఏడవకుండా ఉండాలి కదా, అందుకని మేం ఇచ్చేదీ ఫోనే. అన్నం తినిపించడానికి ముప్పావుగంట పట్టేది పావుగంటలో అయిపోయింది. మిగిలిన అరగంట ఎవరికి మిగిలింది? సీరియల్‌కో, రీల్స్‌కో, గిన్నెలు తోముకోవడానికో మాకే మిగిలింది. గిన్నెలు తోముకున్న తల్లిని నేను తప్పుపట్టను. ఆ ముప్పావుగంటలో ఒక్క నిమిషమైనా పంచుకోని తండ్రుల సంగతి వేరు. వాళ్లు ఆ టైముకి హాల్లో సోఫాలో ఉంటారు. ఏం చేస్తుంటారో చెప్పనక్కర్లేదు.

కరోనా మీద తోసెయ్యడం మాకు బాగా అలవాటైంది. తోసెయ్యడానికి కొంత కారణమూ ఉంది. 2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో డిజిటల్ పాఠాలు మొదలైనప్పుడు సర్కారు బడి పిల్లలకు టీశాట్, దూరదర్శన్ దిక్కయ్యాయి, ప్రైవేటు బళ్ల పిల్లలకు ఫోన్ తప్పనిసరి అయ్యింది. దిల్‌సుఖ్‌నగర్ సెల్‌ఫోన్ షాపుల ముందు మాస్కులతో నిలబడి, ఈఎంఐ పెట్టి, సెకండ్‌హ్యాండ్‌వి బేరమాడి కొన్నాం. అప్పుడు ఫోన్ కొనివ్వలేనివాడు చేతగాని తండ్రి. రెండేళ్లు తిరిగేసరికి ఫోన్ లాక్కోలేనివాడు చేతగాని తండ్రి. ఈ రెండింటి మధ్యా పిల్లాడు చేసిన నేరం ఏమిటంటే, పై తరగతికి పోవడం.

బళ్లు తెరిచారు. ఆన్‌లైన్ క్లాసులు పోయాయి. హోంవర్క్ మాత్రం వాట్సాప్‌లోనే ఉండిపోయింది. ఎందుకుండిపోయిందంటే బడికి సులువు, మాకూ సులువు. డైరీ తెరిచి చూసి సంతకం పెట్టే పని తప్పింది. "వాట్సాప్‌లో వచ్చిందేమో చూసుకో నాన్నా" అని ఫోన్ వాడి చేతికే ఇస్తాం. గంటైనా తిరిగివ్వడు. అప్పుడు అరుస్తాం. హోంవర్క్ డైరీలోనే రాయించండని పేరెంట్స్ మీటింగ్‌లో ఒక్కరం లేచి అడిగామా? ఫీజు పెంచినప్పుడు లేచినవాళ్లం, బస్సు ఆలస్యమైతే లేచినవాళ్లం, దీనికి లేవలేదు.

ఒకప్పుడు తెర ముందు గడిపే కాలానికి ఎక్కడో ఒకచోట చివర ఉండేది. ఇరవై ఏళ్ల కింద దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో నెట్ సెంటర్లు ఉన్న రోజులు గుర్తున్నవాళ్లకు తెలుసు: గంటకింత అని లెక్క, టైమైపోగానే కౌంటర్లో అన్న గట్టిగా నంబరు పిలిచేవాడు. కోణార్క్‌లోనో వెంకటాద్రిలోనో సినిమాకు పోతే శుభం కార్డు పడేది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటాను మంచినీళ్లు చేశాక కూడా, తర్వాత తర్వాత రోజుకింతని కొలిచి పోసే ప్యాకులే ఉండేవి. రాత్రి పదకొండుకల్లా "డేటా అయిపోయింది" అన్న మెసేజ్ వచ్చేది. హాస్టల్ పిల్లలు అర్ధరాత్రి పన్నెండు కొట్టేదాకా కాచుకుని కూచునేవాళ్లు, కొత్త కోటా పడుతుందని. సగంమందిని ఆ గంటలో నిద్ర గెలిచేది. 2022 చివర్లో హైదరాబాద్‌కు 5జీ వచ్చింది, అన్‌లిమిటెడ్ అన్నారు, ఆ కొలతా పోయింది. ఇంట్లో వైఫై సరేసరి. కంపెనీలను తిట్టడం తేలిక. రీఛార్జ్ షాపు ముందు నిలబడి "అన్‌లిమిటెడ్ ఏది తక్కువలో వస్తది?" అని అడిగింది ఎవరు మరి?

ఫోన్ పూర్తిగా నిషేధించిన చోటు ఒకటి మా దగ్గరే ఉంది. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలు. లోపల ఫోన్ దొరికితే అంతే సంగతులు. అక్కడ పిల్లలు స్క్రీన్ నుంచి బయటపడి ఉంటారనుకుంటే ఔటింగ్ ఇచ్చిన ఆదివారం గేటు దగ్గరికి వచ్చి చూడండి. తల్లులు తెల్లవారుజామున లేచి పులిహోర, చికెన్ ఫ్రై వండుకుని, బాక్సులు బ్యాగులో సర్దుకుని ఊళ్ల నుంచి వస్తారు. పిల్లాడు గేటు దాటగానే అమ్మ మొహం చూస్తాడు, నాన్న మొహం చూస్తాడు, వెంటనే చెయ్యి చాపుతాడు. ఫోన్ కోసం. చెట్టు కింద దుప్పటి పరుచుకుని కూర్చుంటారు. వాడు తల వంచుకుని స్క్రోల్ చేస్తుంటాడు, అమ్మ ముద్దలు కలిపి నోట్లో పెడుతుంటుంది, ఏడాదిన్నర పిల్లకు పెట్టినట్టే. చెల్లెలు ఏదో చెబుతుంటే "ఆఁ" అంటాడు. నాన్న వారగా వెళ్లి వార్డెన్‌తో మార్కుల గురించి మాట్లాడుతుంటాడు. సాయంత్రం అయిదింటికి ఫోన్ తిరిగిచ్చి లోపలికి పోతాడు. తర్వాత వాళ్లమ్మ మాతో అంటుంది: "ఏం మాట్లాడనే లేదండీ." నెలంతా పడుకునేదాకా స్టడీ అవర్లు నడిపించి, పక్క పిల్లాడితో నవ్వితే పనిష్‌మెంట్ ఇచ్చే చోట చేర్పించాం. వాడికి ఆ ఒక్కరోజు దొరికిన సందు ఫోన్‌లో ఉంది. అది కూడా మా మీద కోపంతో చూస్తున్నాడేమో అని నాకు అనుమానం.

దిల్‌సుఖ్‌నగర్ పీజీ హాస్టళ్ల కథ ఇంకో రకం. గ్రూప్స్, ఎస్ఐ, కానిస్టేబుల్, డీఎస్సీ, బ్యాంకు అని జిల్లాల నుంచి వచ్చి ఏళ్ల తరబడి ఉండిపోయే పిల్లలు. కోచింగ్ సెంటర్లో సార్ "ఫోన్ పక్కన పెడితేనే ఉద్యోగం" అంటాడు. తర్వాత మెటీరియల్ టెలిగ్రామ్‌లో పెడతాడు, డౌట్లు యూట్యూబ్ లైవ్‌లో చెబుతానంటాడు. 2023 మార్చిలో ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయిందన్న సంగతి వాళ్లకు ఫోన్‌లోనే తెలిసింది. గ్రూప్-2 ఒకదాని మీద ఒకటిగా వాయిదాలు పడి 2024 డిసెంబర్‌లో జరిగేదాకా, ప్రతి రాత్రి "పోస్ట్‌పోన్ అంట కదా" అన్న పుకారు ఒకటి తిరిగేది. అలాంటి చోట ఫోన్ పక్కన పెట్టి నిద్రపోయేవాడు ధైర్యవంతుడైనా అయ్యుండాలి, ఉద్యోగం ఆశ వదులుకున్నవాడైనా అయ్యుండాలి. "ఈ పిల్లలు చదవరండీ, ఫోన్లే" అని తీర్పు చెప్పేది ఎవరయ్యా అంటే ఆ హాస్టళ్లకు బిల్డింగులు అద్దెకిచ్చిన మేమే. హాలుకు ప్లైవుడ్ అడ్డం పెట్టి రెండు గదులు చేశాం. గదికి నాలుగు మంచాలు వేయించాం. టేబుల్ వేస్తే ఒక మంచం పోతుంది, అంటే ఒక అద్దె పోతుంది, కాబట్టి టేబుల్ లేదు. నలుగురు కూచుని కబుర్లాడే చోటు లేదు. మంచానికో ప్లగ్ పాయింట్ మాత్రం తప్పకుండా ఇచ్చాం, బోర్డు మీద "ఫ్రీ వైఫై" అని పెద్దక్షరాలతో రాయించాం.

ఇంతవరకు చెప్పినవి రోజూ జరిగేవి. ఒకటి మాత్రం రోజూ జరిగేది కాదు.

2022 మే 4 రాత్రి సరూర్‌నగర్‌లో, నడిరోడ్డు మీద, పెళ్లయి కొన్ని నెలలే అయిన ఒక యువకుణ్ణి అతని భార్య కళ్లముందే ఇనుపరాడ్‌తో కొట్టి, కత్తితో పొడిచి చంపారు. ఆమెది వేరే మతం. చంపడానికి వచ్చింది ఆమె తోడబుట్టినవాడే. ఆమె కాళ్లావేళ్లా పడింది. చుట్టూ జనం ఉన్నారు. ఫోన్లు పైకి లేచాయి. బతిమాలుకోవడంలోనే విలువైన సమయం పోయిందనీ, ఎవరూ ముందుకు రాలేదనీ ఆమే తర్వాత టీవీ కెమెరాల ముందు చెప్పింది. కత్తి చూసి వెనక్కి తగ్గడం నాకు అర్థమవుతుంది, నేనైనా తగ్గేవాణ్ణేమో. భయపడ్డ చెయ్యి ఫోన్ ఎందుకు తీస్తుందన్నదే అర్థం కాదు. అర్థం కాదని అంటున్నాను గాని, ఆ వీడియో అర్ధరాత్రికల్లా మా కాలనీల గ్రూపుల్లోకి వచ్చింది. మేం చూశాం. ఒకసారి చూసి ఆపినవాళ్లు తక్కువ. ఏడుపు బొమ్మ పెట్టాం, చేతులు జోడించిన బొమ్మ పెట్టాం, ఇంకో గ్రూపుకు పంపాం. తెల్లారి ఆ రోడ్డు మీదుగానే ఆఫీసులకు వెళ్లాం. ఆ రోడ్డు మీద నిలబడ్డవాళ్లకూ మాకూ తేడా ఉందని చెప్పుకోవడానికి కొన్నాళ్లు చాలా ప్రయత్నించాం. "మనం ఉంటేనా!" అన్నాం.

ఫోన్లు రాకముందు మనుషులు గొప్పవాళ్లని చెప్పడానికి ఇది ఎత్తలేదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో 107 బస్టాప్ దగ్గర, వెంకటాద్రి థియేటర్ దగ్గర సైకిళ్లకు కట్టిన బాంబులు పేలినప్పుడు కూడా, కూతవేటు దూరంలో ఇళ్లున్న మేం అర్ధరాత్రి దాకా టీవీలో అదే ముక్క మళ్లీ మళ్లీ తిప్పి చూపిస్తుంటే చూస్తూ కూచున్నాం. కిటికీ తీస్తే సైరన్లు వినపడుతున్నాయి. కిటికీ మూసి సౌండ్ పెంచాం. అప్పటికి మా ఇళ్లలో చాలామందివి ఇంకా బటన్ ఫోన్లే. జబ్బు పాతదే, ఫోన్ వచ్చి దాన్ని జేబులో పట్టేంత చేసింది.

సరూర్‌నగర్ హత్య జరిగిన ఆ 2022లోనే మహారాష్ట్ర నుంచి ఒక వార్త వచ్చింది. సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడ్‌గావ్ అనే ఊళ్లో రోజూ సాయంత్రం ఏడింటికి గుడి మీద సైరన్ మోగిస్తారు. ఫోన్లు, టీవీలు ఆపెయ్యాలి. ఎనిమిదిన్నరకు మళ్లీ సైరన్. ఆ గంటన్నర పిల్లలు చదువుకోవాలి, పెద్దలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. గ్రామసభలో కూచుని నిర్ణయించుకున్నారు. ఆశా వర్కర్లు, అంగన్‌వాడీ వాళ్లు, రిటైరైన టీచర్లు ఇల్లిల్లూ తిరిగి నచ్చజెప్పారు. ఈ వార్త మాకు ఎంత నచ్చిందంటే, ఒక్క రోజులో అరడజనుసార్లు అదే వీడియో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పడింది.

ఆ ఊపులోనే అసోసియేషన్ మీటింగ్‌లో పెట్టాం. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా బిల్డింగ్ మొత్తం ఫోన్లు, టీవీలు బంద్. చప్పట్లు కొట్టి ఒప్పుకున్నాం. మినిట్స్ బుక్కులో రాశాం. సైరన్ ఎవరు మోగించాలన్న దాని మీద కాస్త తగువై, చివరికి ఏడూ యాభైకి సెక్రటరీ గారు గ్రూపులో గుర్తు చేస్తారని తేల్చాం. అంటే ఫోన్ కట్టెయ్యమని ఫోన్‌లో చెబుతారు, అది చూడ్డానికి అందరూ ఫోన్ తియ్యాలి. అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు.

మొదటి వారంలోనే ఒక్కొక్కరు మొదలుపెట్టారు. ఫస్ట్ ఫ్లోర్ వాళ్లబ్బాయి డాలస్‌లో ఉంటాడు, అక్కడ తొమ్మిదో పదో అవుతుంది, అమ్మతో మాట్లాడేది ఆ టైముకే. పైనింటి సాఫ్ట్‌వేర్ దంపతులు రాయదుర్గం నుంచి రెండు మెట్రోలు మారి ఇల్లు చేరేదే ఎనిమిదిన్నరకు, ఆ వెంటనే క్లయింట్ కాల్. బడి గ్రూపులో హోంవర్క్ పడేది ఎనిమిదింటికి. పాలు, పెరుగు ఆర్డర్ పెడితే డెలివరీ అబ్బాయికి ఓటీపీ చెప్పాలి. ఐపీఎల్ వచ్చిందంటే ఏడున్నర నుంచి మ్యాచ్. ఫోన్‌లో కాదు టీవీలో చూస్తామన్నారు, టీవీ కూడా బంద్ అనుకున్నాం కదా అంటే "మరీ అంత స్ట్రిక్ట్ అయితే ఎలాగండీ" అన్నారు. మినహాయింపులన్నీ న్యాయమైనవే. ఒక్కటీ కొట్టెయ్యలేం. అన్నీ పోగా ఆ గంటకు కట్టుబడాల్సినవాళ్లు పిల్లలు మిగిలారు.

అందులో ఒకడు, ఆరో తరగతివాడు, లిఫ్ట్ దగ్గర సెక్రటరీ గారిని ఆపి అడిగాడు. "అంకుల్, ఆ గంట మేం ఏం జెయ్యాలె? కిందికి పోయి ఆడుకోవచ్చా?"

వాడు ఎగతాళికి అడగలేదు. నిజంగానే అడిగాడు. సెక్రటరీ గారు "చదువుకో" అన్నారు. ఎందుకంటే కింద సెల్లార్‌లో, రెండో పిల్లర్‌కు, ఎర్రక్షరాల బోర్డు ఉంది: ఇక్కడ ఆటలు ఆడరాదు. అది పెట్టింది మేమే. బంతి తగిలి ఒకరి కారు అద్దం పగిలితే అత్యవసరంగా సమావేశమై అరగంటలో పెట్టించాం. అంతకుముందు పిల్లలు టెర్రస్ మీద ఆడేవాళ్లు. ఎవరింటి అమ్మాయి ఎవరింటి అబ్బాయితో మాట్లాడిందన్న గొడవ ఒకటి వచ్చాక దానికి తాళం వేయించాం. బయట సందులో రెండు వైపులా మా రెండో కార్లు. విక్టోరియా గ్రౌండ్ ఉంది, సరూర్‌నగర్ స్టేడియం ఉంది, ఒప్పుకుంటాను. మెట్రో పిల్లర్ల మధ్య నుంచి దూసుకొచ్చే బస్సులను తప్పించుకుని ఆ రోడ్డు దాటమని పదేళ్లవాణ్ణి ఎవరు పంపుతారు? వెంటబెట్టుకుని వెళ్లొచ్చు. రోజూ వెళ్లినవాళ్లెవరూ మా బిల్డింగ్‌లో లేరు.

2020 సెప్టెంబర్‌లో కేంద్రం పబ్‌జీని నిషేధించినప్పుడు మేం హమ్మయ్య అనుకున్నాం. మరుసటి ఏడాదే అది పేరు మార్చుకుని తిరిగొచ్చింది. సెల్లార్‌లో మేం నిషేధించిన క్రికెట్ మాత్రం ఏ పేరుతోనూ తిరిగి రాలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ బోర్డుకు సరిగ్గా ఎదురుగా వాచ్‌మన్ గది. వాళ్లది పాలమూరు వైపు. ఇద్దరు పిల్లలు. వాళ్లకు గుమ్మం అంటే ఆ సెల్లారే, వాకిలి అంటే ఆ సెల్లారే. తలుపు తీయగానే కనిపించేది ఆ ఎర్రక్షరాలు. చిన్నది అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకుంటున్నప్పుడు ఆ బోర్డు పైకే చదివేది. మేం కార్లు తీస్తూ విని "అబ్బ, ఎంత బాగా చదువుతుందో" అన్నాం. ఇప్పుడు ఆ పిల్లలిద్దరూ నాన్న ఫోన్‌లో తల దూర్చి మెట్ల మీద కూర్చుంటారు. "వాచ్‌మన్ పిల్లలకు కూడా ఫోనేనండీ" అని ఆశ్చర్యపోయేదీ మేమే.

ఆరో తరగతివాడి ప్రశ్న గ్రూపుకు చేరింది. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా కార్లు ఒక పక్కకు జరిపి, మెత్తటి బంతితో ఆడుకోనిద్దాం, బోర్డు తీసేద్దాం అని ఎవరో ప్రతిపాదించారు. జనరల్ బాడీ పెడితే కోరం రాదన్నారు. అందుకని గ్రూపులోనే పోల్ పెట్టాం: బోర్డు తీసేయాలి, బోర్డు ఉంచాలి. గ్రూపులో ఓనర్లు మాత్రమే ఉంటారు కాబట్టి వాచ్‌మన్‌కు ఓటు లేదు. పిల్లలకు ఎలాగూ లేదు. ఆ గ్రూపు పోల్‌లో దాపరికం లేదు, నొక్కి చూస్తే ఎవరు ఎటు ఓటేశారో పేర్లతో సహా వస్తుంది. ఉంచాలన్న పక్షం గెలిచింది. ఆ పేర్లలో ఫోన్ గంట కావాలని చప్పట్లు కొట్టినవాళ్లు దాదాపు అందరూ ఉన్నారు. నా పేరూ ఉంది. అంతకు కొన్నాళ్ల ముందే కారుకు కొత్త బంపర్ వేయించాను.